సి బుక్కు చూశాకే బయానా



మూడేళ్ళ కిందట, సంక్రాంతి వెళ్ళిన వారం, ఒక రాత్రి పడుకోబోతూ ఫోనులో ఒక అంబాసిడర్ కారు ఫోటో చూశాను. వాడిన వస్తువులు అమ్మేవాళ్ళు ప్రకటనలు పెట్టే చోట కనబడింది. పాలమీగడ రంగు. ముందు గ్రిల్లు చిన్న చిన్న గళ్ళతో ఉంది. ఆ గళ్ళు చూడగానే మార్క్ టూ అని పోల్చుకున్నాను. 1962 నుంచి 1975 దాకా వచ్చిన మోడలు అది. మా నాన్నగారు తణుకులో అద్దెకు తిప్పిన కారు కూడా మార్క్ టూయే. అదే రంగు.

ఆ కారులో ముందు సీటు ఒకటే బల్లలా ఉండేది. గేరు స్టీరింగు కిందే, చేతికి అందేలా ఉండేది. హ్యాండ్ గేరు అనేవాళ్ళం. కింద గేరు కడ్డీ అడ్డం లేదు కాబట్టి, నాన్నగారికీ అటు కూర్చున్న పెద్దమనిషికీ మధ్య ఒక పిల్లవాడు హాయిగా కూర్చోవచ్చు. పెళ్ళిళ్ళ కిరాయిలకు వెళ్ళినప్పుడు ఆ మధ్య చోటు నాది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ప్రకటనలో ధర 1,20,000 రూపాయలు. నడిచే స్థితిలో ఉన్న మార్క్ టూకు అది తక్కువ ధర. తక్కువని నాకు తెలుసు. తెలిసి కూడా, నా అదృష్టం అనుకున్నాను. ఫోను చేశాను. అవతలి మనిషి హిందీలో ఎంతో మర్యాదగా మాట్లాడాడు. సైన్యంలో పనిచేస్తున్నానన్నాడు. బదిలీ అయింది, కారు కంటోన్మెంటులో వదిలి వెళ్ళాలి, అందుకే ఈ ధర అన్నాడు. గుర్తింపు కార్డు ఫోటో పంపాడు, సి బుక్కు ఫోటో పంపాడు. చివర్లో ఒక మాట అడిగాడు. "ఈ రోజుల్లో ఈ కారు మీకెందుకు సార్?" మా ఇంట్లో కూడా నన్నెవరూ ఆ మాట అంత ప్రేమగా అడగలేదు. నాన్నగారి సంగతంతా చెప్పాను.

మర్నాటి నుంచి అతను దాన్ని కారు అనలేదు. "మీ నాన్నగారి బండి" అన్నాడు. మీ నాన్నగారి బండిని ఇంకొకరు అడుగుతున్నారు, 5,000 బయానా పంపితే ఆపుతాను అన్నాడు. పంపాను. మీ నాన్నగారి బండి రేపు లారీ ఎక్కుతుంది, రవాణాకు 12,400 అన్నాడు. పంపాను. దారిలో ఏదైనా దెబ్బ తగిలితే ఇన్సూరెన్సు ఉండాలి, 18,600 కట్టండి, బండి మీ గుమ్మం ముందు దిగగానే ఆ సొమ్ము మీ ఖాతాకు తిరిగి వచ్చేస్తుంది అన్నాడు. అదీ పంపాను. మొత్తం 36,000 రూపాయలు. పంపిన ప్రతిసారీ డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్తోందో ఆ పేరు ఫోనులో కనబడింది. మూడుసార్లూ మూడు పేర్లు. అందులో ఒక్కటీ సి బుక్కులో ఉన్న పేరు కాదు. చూస్తూనే పిన్ నంబరు కొట్టాను.

నాలుగోసారి 24,000 అడిగిన రోజున నేను విజయవాడ ఆటోనగర్లో ఉన్నాను. బండి రాగానే పని ఎవరిచేత చేయించాలో మాట్లాడుకుందామని వెళ్ళాను. ముప్ఫై ఏళ్ళుగా అంబాసిడర్ల మీదే చెయ్యి తిరిగిన మెకానిక్కు ఒకాయన. ఫోటోలు చూపించాను. ఒక్కొక్కటే జరిపి చూశాడు. "మాస్టారూ, ఇది ఒక బండి కాదండీ, రెండు బళ్ళు" అన్నాడు. "మొహం మార్క్ టూది. లోపల చూడండి, గేరు కిందుంది. కింద గేరు తొంభైల్లో ఇసుజు ఇంజనుతో పాటు వచ్చింది."

రెండు సీట్ల మధ్య నిటారుగా గేరు కడ్డీ. నా చిన్నప్పటి చోటులో. ఆ ఫోటోను అంతకుముందు నేను కనీసం ఇరవైసార్లు చూసి ఉంటాను.

ఆ మోసం పద్ధతేమిటో, దాని నుంచి ఎలా తప్పించుకోవచ్చో అప్పటి నుంచి శ్రద్ధగా తెలుసుకుంటూ వచ్చాను. పోలీసులను అడిగాను, ఆర్టీఏ ఆఫీసులో అడిగాను, ఆటోనగర్లో అడిగాను. ఈ పూట మీతో చెప్పదలచుకున్నది అదే.

కొత్త కారు కొనేవాడు నాలుగు షోరూములు తిరుగుతాడు, మైలేజీ అడుగుతాడు, వాయిదాల లెక్క వేసుకుంటాడు. పాత అంబాసిడరో, ఫియట్టో, స్టాండర్డ్ హెరాల్డో, కాంటెసాయో కావాలనుకునేవాడికి ఆ నిదానం ఉండదు. ఎందుకంటే కొత్తది ఇక రాదు. పశ్చిమ బెంగాల్లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగింది. కాంటెసా అంతకు చాలా ముందే ఆగింది. బొంబాయిలో ఫియట్ పద్మిని, మద్రాసులో హెరాల్డ్ కూడా అంతే. కనబడిన ఈ ఒక్కటి చెయ్యి జారితే మళ్ళీ దొరకదేమోనన్న భయం కొనేవాడి గుండెల్లో ఉంటుంది. మోసగాడు దాని మీదే పని చేస్తాడు. అందుకని అమ్మేవాడితో మాట్లాడేటప్పుడు మీ ఇంటి కథ చెప్పకండి. మీ నాన్నగారి పేరు, మీ పెళ్ళినాటి ఊరేగింపు, మీ మొదటి ప్రయాణం ఏవీ చెప్పకండి. బండి గురించి అడగండి, వినండి. అంతవరకే.

ఇక అసలు విషయం. బండిని కళ్ళారా చూడకుండా, చేత్తో ముట్టుకోకుండా ఒక్క రూపాయి కూడా పంపవద్దు. బయానా అన్నా, గేటు పాసు అన్నా, రవాణా అన్నా, తిరిగి వచ్చే డిపాజిట్టు అన్నా, ఏ పేరు పెట్టినా సరే. ఈ మోసాల్లో బండిని మీరు చూడలేకపోవడానికి ఎప్పుడూ ఒక గౌరవమైన కారణం ఉంటుంది. కంటోన్మెంటులోకి బయటివాళ్ళను రానివ్వరు అంటారు. విమానాశ్రయం పార్కింగులో ఉంది అంటారు. యజమాని విదేశంలో ఉన్నాడు, తాళం ట్రాన్స్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంది అంటారు. సైనికుడి గుర్తింపు కార్డు చూపించగానే మనం మెత్తబడతాం. అది మన దేశంలో సైనికుడి మీద ఉన్న గౌరవం. దొంగలు దాన్ని వాడుకుంటున్నారని పోలీసులు ఎన్నో ఏళ్ళుగా హెచ్చరిస్తున్నారు. కార్డు ఫోటో ఎవరైనా పంపగలరు. సి బుక్కు ఫోటో కూడా అంతే. ఇంకొకరి ప్రకటనలోంచి తీసుకున్నదై ఉండవచ్చు.

నేను పోగొట్టుకున్న సొమ్ముతో ఆటోనగర్ మెకానిక్కును వెంటబెట్టుకుని, దేశంలో ఏ మూలకైనా రైల్లో వెళ్ళి, బండి చూసి, తిరిగి వచ్చేవాణ్ణి. ప్రయాణం ఖర్చు దండగ అనుకున్నాను అప్పుడు.

వెళ్ళే ముందు ఇంట్లో కూర్చునే ఒక పని చేయవచ్చు. వీడియో కాల్‌లో బండి చూపించమనండి. చూపిస్తున్నప్పుడు మీరు అడిగిన పని చేయించండి. బానెట్టు ఎత్తమనండి, డిక్కీ తెరవమనండి, ఆ రోజు పేపరు బానెట్టు మీద పెట్టమనండి. నిజంగా బండి ఉన్నవాడు విసుక్కుంటాడేమో కానీ చూపిస్తాడు. లేనివాడు సిగ్నల్ లేదంటాడు.

అమ్మేవాళ్ళకూ ఒక మాట. తండ్రిగారి కారు అమ్మకానికి పెడితే, ఐదు నిమిషాల్లో బేరం ఆడకుండా ఒప్పుకుని, డబ్బు పంపుతున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యండి అనేవాడు ఫోను చేస్తాడు. డబ్బు తీసుకోవడానికి పిన్ నంబరు అక్కర్లేదు. యూపీఐలో డబ్బు లావాదేవీకి పిన్ కొట్టడమంటే మన ఖాతాలోంచి డబ్బు బయటికి పంపడమే. ఈ ఒక్క వాక్యం ఇంట్లో అందరికీ, ముఖ్యంగా పెద్దవాళ్ళకు, చెప్పండి.

ఇప్పటిదాకా చెప్పింది అసలు బండే లేని మోసం. బండి నిజంగా ఉండి, కాగితాలు సరిగా లేని మోసం ఇంకొకటి ఉంది. నా లెక్కలో ఇది మరీ బాధాకరమైనది, ఎందుకంటే ఇందులో మోసపోయినవాడికి చాలాకాలం ఆ సంగతి తెలియదు.

నాతో పనిచేసిన ఒక సైన్సు మాస్టారు ప్రకటన చూసి ఒక ప్రీమియర్ పద్మిని కొన్నారు. బండి దగ్గరికి వెళ్ళారు, చూశారు, నడిపారు, బాగుంది. అమ్మినవాడు పేరు మార్పుకు సంతకాలు చేసిన 29, 30 నంబరు ఫారాలు చేతికిచ్చాడు. ఆ సంతకాలు అతనివి కావు. సి బుక్కులో పేరున్న అసలు యజమానివి. ఆయన చనిపోయి పదకొండేళ్ళయింది. ఆయన ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఒకరికి అమ్మితే, ఆ ఒకరు పేరు మార్పించుకోకుండా ఇంకొకరికి, వారు మరొకరికి అమ్మారు. ఫారాలు చేతులు మారాయి కానీ సి బుక్కు మారలేదు. యజమాని చనిపోతే పేరు మార్పుకు 31వ నంబరు ఫారం వేరే ఉంది, దానికి వారసులు ముందుకు రావాలి. ఆ వారసుల్లో ఒకాయన అమెరికాలో స్థిరపడ్డాడు. పద్మిని ఇప్పటికీ మా మాస్టారి వాకిట్లో టార్పాలిన్ కింద ఉంది. ఆదివారం పూట ఆయన దాన్ని స్టార్టు చేసి, ఓ పది నిమిషాలు ఉంచి, ఆపేస్తారు. రోడ్డు మీదికి తియ్యరు.

కాబట్టి డబ్బు మాట ఎత్తక ముందే అడగవలసిన ప్రశ్న ఒకటే. సి బుక్కులో పేరున్న మనిషి ఎవరు, ఆయన నా ఎదురుగా వచ్చి సంతకం పెడతాడా? పెడతానంటే ముందుకు వెళ్ళండి. మధ్యలో ఏజెంటు ఉన్నా, స్నేహితుడు ఉన్నా, యజమానిని చూడకుండా బేరం ముగించవద్దు. డబ్బు కూడా ఆ పేరున్న ఖాతాకే, బ్యాంకు ద్వారా వెళ్ళాలి. అమ్మేవాళ్ళు కూడా పేరు మారేదాకా నిద్రపోవద్దు. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో ప్రమాదం జరిగితే బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది.

సి బుక్కు చూసేటప్పుడు తొందరపడకండి. సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్ళు, ఆ తరవాత ఐదేసి ఏళ్ళకు పొడిగించుకోవాలి. 1970 నాటి కారుకు ఆ పొడిగింపులన్నీ ఉన్నాయా, మధ్యలో ఎక్కడైనా తెగిపోయిందా చూడండి. ఫైనాన్సు మీద కొన్నదైతే ఆ అప్పు తీరినట్టు 35వ నంబరు ఫారంతో రద్దు అయిందా చూడండి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ లేకుండా తీసుకురావద్దు. ఢిల్లీ నుంచి చవగ్గా వస్తోందంటే మరీ జాగ్రత్త. అక్కడ పాత బళ్ళ వయసు మీద ఏళ్ళ తరబడి ఆంక్షలు నడిచాయి. ఆ బండి రిజిస్ట్రేషన్ ఇంకా బతికి ఉందో లేదో అక్కడి రికార్డులో కనుక్కున్నాకే మాట్లాడండి.

నంబరు ప్లేటు కూడా కథ చెబుతుంది. రాష్ట్రం పేరుకు రెండు అక్షరాలు, తరవాత అంకెలు ఉండే ఇప్పటి పద్ధతి 1989లో కొత్త మోటారు వాహనాల చట్టం అమలులోకి వచ్చాక స్థిరపడింది. అంతకు ముందు మూడు ఇంగ్లీషు అక్షరాలు, తరవాత అంకెలు ఉండేవి. 1968 బండి అని చెప్పి కొత్త పద్ధతి నంబరు చూపిస్తే ఎందుకని అడగండి. వేరే రాష్ట్రం నుంచి తెచ్చి ఇక్కడ మళ్ళీ రిజిస్టరు చేస్తే అలా ఉండవచ్చు, అప్పుడు ఆ వివరం సి బుక్కులో ఉంటుంది. ఇంకొకటి. ప్లేటు మీద ఏపీ అని ఉన్నంత మాత్రాన రికార్డు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నట్టు కాదు. 2014కు ముందు హైదరాబాదులో, వరంగల్లులో, కరీంనగర్లో రిజిస్టరైన బళ్ళ మీద కూడా ఏపీయే ఉంటుంది.

రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైటులో నంబరు కొట్టి చూడవచ్చు. అయితే చాలా పాత బళ్ళ వివరాలు రిజిస్టరు పుస్తకాల్లోనే ఉండిపోయాయి, కంప్యూటర్లోకి ఎక్కలేదు. మోసగాళ్ళు దీన్ని కూడా వాడుకుంటారు. పాత బండి కదా, ఆన్‌లైన్‌లో కనబడదు అంటారు. కనబడకపోతే మొదట రిజిస్టరైన ఆర్టీఏ ఆఫీసుకు వెళ్ళి అడగాలి. అక్కడా జాడ లేకపోతే ఆ బండి మీకు వద్దు. దొంగబండేమోనన్న అనుమానం ఉంటే జాతీయ నేర రికార్డుల బ్యూరో వారి వాహన్ సమన్వయ్ సేవలో ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఇచ్చి చూసుకోవచ్చు.

ఆ ఛాసిస్ నంబరు దగ్గర కాస్త ఆగుదాం. ఆర్టీఏ వాళ్ళు పెన్సిల్ ప్రింటు అడుగుతారు కదా, అలాగే మీరూ ఒక పల్చటి కాగితం నంబరు మీద పెట్టి పెన్సిలుతో రుద్దండి. వచ్చిన అచ్చును సి బుక్కులోని అంకెలతో ఒక్కొక్కటిగా పోల్చండి. అంకెల వరస వంకరగా ఉందా, చుట్టూ ఆకురాయితో అరగదీసిన గీతలున్నాయా, అక్కడొక్కచోటే కొత్త రంగు వేసి ఉందా? పచ్చి దొంగతనం అక్కడే బయటపడుతుంది. తుక్కు కింద పోయిన పాత కారు నంబరును ఇంకో బండికి గుద్ది అమ్మేవాళ్ళున్నారు.

బండి ఒంటి సంగతి మెకానిక్కుకే వదిలేయండి. మీరు చేయగలిగింది, జేబులో ఒక చిన్న అయస్కాంతం, గుడ్డలో చుట్టి తీసుకువెళ్ళడం. డోరు అడుగున, చక్రాల పైన, డిక్కీ నేల మీద పెట్టి చూడండి. ఇనుము ఉన్నచోట అంటుకుంటుంది, పుట్టీ పూసి రంగు కొట్టినచోట జారిపోతుంది. మ్యాట్లు ఎత్తి నేల చూడండి. ఇంజను ముందే వేడి చేసి పెట్టవద్దని చెప్పండి, చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించండి. మొహం చూసి మోడలు నిర్ణయించవద్దు. మార్క్ వన్ గ్రిల్లు, బానెట్టు సంపాదించి తొంభైల బండికి బిగించి 1950ల కారని అమ్మితే, తెలియనివాడు రెట్టింపు ధర ఇచ్చి కొంటాడు. లోపల డ్యాష్‌బోర్డు, గేరు, ఇంజను, సి బుక్కులోని తయారీ సంవత్సరం ఒకే మాట చెప్పాలి.

వింటేజ్ అన్న మాట మీద కూడా అబద్ధాలు బాగా నడుస్తున్నాయి. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండికే వింటేజ్ గుర్తింపు. నంబరులో వీఏ అన్న అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళకు చెల్లుతుంది. ఆ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తీసుకువెళ్ళవచ్చు. రోజూ ఆఫీసుకు నడపడానికీ, కిరాయికి తిప్పడానికీ వీల్లేదు. వింటేజ్ నంబరు ఉంది, ఎక్కడికైనా తిరగొచ్చు అని ఎవరైనా అంటే అది అబద్ధం. ముప్ఫై ఏళ్ళ బండిని వింటేజ్ అని అమ్మితే అదీ అబద్ధమే. మిలిటరీ వేలం జీపు అంటూ రకరకాల భాగాలు కలిపి కట్టిన జీపులు అమ్మేవాళ్ళ విషయంలోనూ ఇదే జాగ్రత్త. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చిన బండికి రిజిస్ట్రేషన్ ఉండదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది.

చివరిగా, డబ్బు పోయిందని తెలిసిన గంట గురించి చెప్పాలి.

ఆటోనగర్ నుంచి ఇంటికి వచ్చి నేను నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. లెక్కల మాస్టారునై ఉండి ఇలా చేశానేమిటని సిగ్గు. మా అమ్మాయి నా మొహం చూసి అడిగి, విని, ఒక్క మాట కూడా అనకుండా ఫోను తీసి 1930కి చేసింది. అది సైబర్ మోసాల ఫిర్యాదుకు దేశమంతటికీ ఉన్న నంబరు. వెంటనే ఫిర్యాదు చేస్తే, డబ్బు దొంగ ఖాతాలో ఉండగానే దాన్ని బ్యాంకు ఆపగలదు. నా విషయంలో నాలుగు రోజులు గడిచాయి. ఆ మూడు ఖాతాల్లోంచీ డబ్బు ఎప్పుడో వెళ్ళిపోయింది. మొదటి గంటలోనే చేసి ఉంటే కొంతైనా నిలిచేదని అక్కడి ఉద్యోగి నెమ్మదిగా చెప్పాడు.

వింటున్నవారిలో ఎవరికైనా ఇలా జరిగితే, రాత్రి ఎంత పొద్దుపోయినా సరే, అప్పుడే ఫోను చెయ్యండి. లావాదేవీ నంబర్లు, మెసేజీలు, ఫోటోలు చెరిపెయ్యకండి. ఇంట్లో తండ్రిగారో తాతగారో ఇలా మోసపోయారని తెలిస్తే పిల్లలు కోప్పడకండి. ఆయన ఎందుకు నమ్మాడో తరవాత మాట్లాడుకోవచ్చు. ముందు ఆయన చేతికి ఫోను ఇవ్వండి, లేదా మా అమ్మాయిలా మీరే చెయ్యండి. నంబరు మరొక్కసారి చెబుతున్నాను, రాసుకోండి. 1930.